కొమ్ములయ్య దారి తప్పడు

హాస్టల్, కిటికీ పక్క మంచం
సోమవారం

బాబాయ్‌కి,

చేరాను. గది చిన్నదే కానీ కిటికీ పెద్దది. పెట్టె మంచం కిందికి తోసి, బట్టలకంటే ముందు మన రెండు పుస్తకాలూ బయట పెట్టాను. గదిలో ఉండే అమ్మాయి వాటిని తిరగేసి, "ఏంటివి, పాఠాలా?" అంది.

ఇలా చెప్పాను: మా బాబాయ్ సిటీ బస్సు డ్రైవరు. ఎవరో బస్సులో మరిచిపోయిన అట్టపెట్టె కోసం ఎవరూ రాకపోతే డిపోలో వేలం వేశారు. బాబాయ్ కొని ఇంటికి తెచ్చాడు. లోపల ఇరవై ముఖాల పాచికలు, ఒక లావు పుస్తకం, ఒక సన్న పుస్తకం. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. ఏం చేస్తారో నోటితో చెప్తారు, అది జరిగిందో లేదో పాచిక మీది అంకె చెప్తుంది, ఎంత పెద్దదైతే అంత మంచిది.

"చివరికి ఎవరు గెలుస్తారు?" అంది.

"ఎవరూ గెలవరు. కథ ముందుకెళ్తుంది."

"మరెందుకు ఆడటం?"

దానికి జవాబు నీకు వదిలేశాను. నీకు దొరికితే రాయి.

మినోటార్ బొమ్మ చూసి మాత్రం దడుచుకుంది. ఎద్దు తల, మనిషి ఒళ్లు, కాళ్లకి గిట్టలు, చేతిలో గొడ్డలి. అది లావు పుస్తకంలోని రాక్షసుల పేజీ. ఆ పేజీ చూసి మనం వాణ్ణి ఎన్నిసార్లు చంపామో లెక్క లేదు. తర్వాత సన్న పుస్తకంలో, వాణ్ణే మన పాత్రగా తీసుకోవచ్చని చదివి నువ్వు పట్టుబట్టావు. "ఇన్నాళ్లూ బయటి నుంచి పొడిచాం, ఇప్పుడు లోపల కూర్చుని చూద్దాం" అన్నావు. అలా పుట్టాడు నీ కొమ్ములయ్య. వాడికున్న వరం నాకెంత ఇష్టమో: ఒకసారి నడిచిన దారిని మినోటార్ ఎన్నటికీ మరిచిపోడు.

ఫోనులో ఆడితే కొమ్ములయ్య గొంతు నీ గొంతులాగే ఉంటోందని నువ్వే అన్నావు కాబట్టి, ఇక ఉత్తరాల్లోనే. పుస్తకాలు నా దగ్గర, పాచికలు నీ దగ్గర. నియమం పాతదే. బల్ల మీద జరిపే బొమ్మ మీంచి చేయి తీశాక వెనక్కి జరపకూడదని చిన్నప్పుడు నన్ను ఏడిపించావు కదా, ఇప్పుడు పోస్టు డబ్బాలో వేశాక మాట వెనక్కి లేదు.

ఆట ఇక్కడ ఆగింది. కూలిన గని లోపల పనివాళ్లు చిక్కుకుపోయారు. వాళ్ల కోసం కొమ్ములయ్య దిగాడు, వెనక దివిటీ పట్టుకున్న పిల్ల. ఎర్ర ఇటుకలు పరిచిన దారిలో వచ్చి, చేయి విరిగిన రాతి విగ్రహం దగ్గర నిలబడ్డారు. అక్కడి నుంచి రెండు గొందులు. (గొంది. ఎంత ఇరుకైన మాటో చూడు, పలికితేనే భుజాలు గోడకి రాసుకుంటాయి.) ఒక గొందిలో నీళ్ల చప్పుడు. రెండో దాంట్లోంచి చల్లగాలి. ఎటు?

నీ పలక


డిపో, డ్రైవర్ల గది

పలకమ్మకి,

ఉత్తరం అందింది. మీ పిన్ని వంట చేస్తూ గట్టిగా చదివించుకుని విన్నది. విని, "పెళ్లీడు పిల్లకి రాక్షసుల కథలు నేర్పావు, బాగుపడుద్ది" అంది. అని ఊరుకుందా, "ఇంతకీ ఆ దివిటీ పిల్ల తిండి తిన్నదా?" అంది. రాయి, తిన్నదో లేదో.

గదిలో అమ్మాయికి నా జవాబు ఇది. నేను రోజంతా బస్సు నడుపుతా. ఎక్కిన చోటికే మళ్లీ వస్తా. నేనేం గెలిచా? అయినా పొద్దున్నే మళ్లీ ఎక్కుతా. చాలదా?

ఇప్పుడు కొమ్ములయ్య సంగతి. నీళ్ల చప్పుడు వైపు పోడు. గనిలో నీళ్లు పారుతున్నాయంటే కింద నేల కొట్టుకుపోయి గొయ్యి పడి ఉంటది. రోడ్డు మీదైనా అంతే, నీళ్లు నిలిచిన చోట నేను చక్రం పెట్టను. గాలి వచ్చే గొందిలోకి వెళ్తాడు. పాచిక మీ పిన్ని ఎదురుగానే వేశా, పద్నాలుగు. కావాలంటే అడుగు.

ఇంకో మాట. ఇదివరకు గళ్ల కాగితం మీద పటం గీసుకునేవాణ్ణి కదా, ఇక గీయను. పాతవి కూడా పొయ్యిలో వేశా. దారి మరవని వాడికి పటం ఎందుకు? తలలోనే పెట్టుకుంటా. నువ్వు కూడా నాకు గుర్తు చేయొద్దు. వదిన్ని, అన్నయ్యని అడిగానని చెప్పు.

బాబాయ్


హాస్టల్

బాబాయ్‌కి,

దివిటీ పిల్ల తిన్నది. తన సంచిలో అటుకులున్నాయి, కొమ్ములయ్యకి కూడా పెట్టింది. పిన్నికి చెప్పు.

మొదటి పరీక్ష అయిపోయింది. వ్యాసం అడిగారు, "మా వీధి" మీద. నేను మన వీధి రాయకుండా నీ బస్సు వెళ్లే దారి రాశాను. ముందు సీటు కడ్డీ పట్టుకుని నీతో తిరిగిన దారి. మందుల దుకాణం, తర్వాత రంగులు వెలిసిన సినిమా హాలు, తర్వాత మలుపు తిరిగేటప్పుడు ఎప్పుడూ నువ్వు చిన్నగా ఈల వేసే చోటు. మా మాస్టారు చదివి, "నీకు బడాయి మాటలు తక్కువ, బతికిపోతావు" అన్నారు. ఆ వారమంతా ఆ మాట కప్పుకుని పడుకున్నాను.

గాలి గొంది మిమ్మల్ని పనివాళ్ల దగ్గరికి చేర్చింది. బండ అడ్డం పడి ఉంటే కొమ్ములయ్య కొమ్ములతో నెట్టాడు. లోపలివాళ్లు వాణ్ణి చూసి మొదట గోడకి అతుక్కుపోయారు. ఒక ముసలి పనివాడు మాత్రం, "రాక్షసుడైతే బండ తీస్తాడా, ఇంకోటి వేస్తాడు గానీ" అని ముందుకొచ్చాడు. అందరూ కొమ్ములయ్య వెనక వరస కట్టారు. ఒకడి భుజం మీద ఒకడి చేయి.

ఇక తిరుగు ప్రయాణం. దివిటీలో నూనె అడుగంటింది. దారి వెతుక్కునేంత వెలుగు లేదు, తెలిసినవాడు ముందు నడవాల్సిందే. గాలి గొందిలోంచి వెనక్కి వచ్చి విగ్రహం దగ్గర నిలబడ్డారు. ఎటు తీసుకెళ్తావు?

పలక


ఇల్లు, వంటగది బల్ల

పలకమ్మకి,

పరీక్షలు ఎప్పటి నుంచి? రాయనే లేదు నువ్వు. బాగా చదువుకో, రాసింది ఇంకోసారి చూసుకో.

ఇక్కడంతా మామూలే. డిపోలో కొత్త కండక్టరు వచ్చాడు, నోరు ఊరుకోదు. "అన్నా, అన్నా" అంటూ ప్రతి స్టాపు ముందే అరుస్తాడు, నాకేదో తెలియనట్టు. పోనీలే, కుర్రాడు. మీ పిన్ని, ఇంట్లో సబ్బులు ఉండగా మళ్లీ సబ్బులు తెచ్చానని పోట్లాడింది. శుభ్రంగా ఉందామంటే కూడా తప్పే ఈ ఇంట్లో.

విగ్రహం దగ్గర అనుమానం ఏముంది? నీళ్ల చప్పుడు వైపే. మనం వచ్చింది అటే కదా. చెవి ఆ చప్పుడు మీద పెట్టి నడవమని అందరికీ చెప్తాడు. ముందు కొమ్ములయ్య, చివర దివిటీ పిల్ల. పాచిక పదకొండు. ఎందుకైనా మంచిదని నిన్నంతా బండి మీద ఆ దారే నెమరేసుకున్నా. తప్పు ఉండదు.

పోస్టులో వేసేస్తున్నా. చేయి తీశా.

బాబాయ్


హాస్టల్

బాబాయ్‌కి,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

కొమ్ములయ్య నీళ్ల చప్పుడు వైపు నడిచాడు. చప్పుడు దగ్గరయ్యే కొద్దీ పనివాళ్లు మాటలు మానేశారు. గోడలు తడి. ఎక్కడో పైనుంచి చుక్క చుక్కగా రాలి, కింద సన్నటి కాలవై పారుతున్నాయి నీళ్లు. దాన్ని ఒక్క అంగలో దాటాడు కొమ్ములయ్య, ఒక్కొక్కరినీ చేయందించి దాటించాడు. అవతల గిట్ట కింద నేల గట్టిగా తగిలింది. వంగి చూస్తే ఎర్ర ఇటుకలు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. దారి సరైనదే, బాబాయ్. గని నోరు ఇంకా దూరముంది, ఇంకో మలుపు ఉంది. తొందరేం లేదు, తీరిగ్గా రాయి.

డ్యూటీ ఎక్కువ వేస్తున్నారా? నిద్ర పోతున్నావా? పిన్ని ఎలా ఉంది? కళ్లద్దాలు మార్పించుకుని చాలా ఏళ్లయిందేమో కదా నీకు. ఒకసారి చూపించుకోరాదూ? ఊరికే అడుగుతున్నాను.

పలక


డిపో, డ్రైవర్ల గది

నా బంగారు పలకకి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నా. తీసి చదవడం, మళ్లీ మడవడం. మడతల దగ్గర చిరుగుతోంది కూడా. ఎందుకో ఇప్పుడు చెప్తా, మీ పిన్నికి కూడా చెప్పని మాట.

నువ్వు వెళ్లిన కొత్తల్లో ఒక రోజు బండి నిండా జనం. సినిమా హాలు దగ్గర మలుపు, నువ్వు చెప్పిన ఈల మలుపు. తిరగలేదు నేను. మరిచిపోయానని కూడా అనలేను, ఆ మలుపు ఒకటుందనే నాకు తోచలేదు. నేరుగా పోయా. జనం కేకలు వేస్తుంటే ఎవరో పోట్లాడుకుంటున్నారనుకున్నా. రోడ్డు మూతపడ్డ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయింది. అప్పుడు చూశా అద్దంలోకి. అన్ని మొహాలూ నా వైపే. ఒక పెద్దాయన, "నిద్రపోతున్నావేంటయ్యా?" అన్నాడు. అవునన్నా. నిద్రని చెప్పుకోవడం సులువుగా ఉంది తల్లీ.

తర్వాత ఇలాంటివి ఇంకా ఒకటి రెండు జరిగాయి. చిన్నవే. కొత్త కుర్రాడు కనిపెట్టి ముందే అరుస్తున్నాడు.

డాక్టరు దగ్గరికి పోతే ఏమంటాడో తెలుసు. అందుకే నాకు నేనే పందెం కట్టుకున్నా. పటాలు పొయ్యిలో వేసింది అందుకే. కొమ్ములయ్యని తలలో ఉన్న దారితోనే బయటికి తేవాలి. తెస్తే నా తల బాగున్నట్టు. ఒక్కసారి తప్పినా, ఆ రోజే మేనేజరు దగ్గరికెళ్లి తాళాలు బల్ల మీద పెడతా. ఇంట్లో మీ పిన్ని సర్దేస్తుంది, డిపోలో వాళ్లు వెనకేసుకొస్తారు. నువ్వైతే చిన్నప్పటి నుంచీ తక్కువ పడ్డ పాచిక ఒక్కటి కూడా నాకు వదల్లేదు. అందుకే ఆటలో నువ్వు గీసే గోడల్ని నమ్మా.

తప్పలేదు కదా. ఎర్ర ఇటుకలు తగిలాయని చదివిన చోట కళ్లు తుడుచుకున్నా, నవ్వుకో.

కొండ మీది బడికి పిల్లల్ని తీసుకెళ్లే బస్సుకి పాత డ్రైవరు కావాలంటున్నారు. మలుపుల దారి. ఒప్పుకుందామా వద్దా అని ఇన్నాళ్లూ నానుస్తూ వచ్చా. నిన్న పేరు ఇచ్చేశా. వచ్చే నెల నుంచి.

బాబాయ్


హాస్టల్

బాబాయ్,

పొద్దున నేను ఫోను చేసి, ఈ ఉత్తరం వచ్చేదాకా సెలవు పెట్టమన్నాను. ఎందుకని నువ్వు అడగలేదు. "సరే తల్లీ" అన్నావు. బహుశా నీకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. అయినా రాస్తాను. మన మాట పోస్టులో పడితేనే మాట.

నీళ్ల చప్పుడు వైపు ఎర్ర ఇటుకలు లేవు. మీరు అటు నుంచి రాలేదు. అటు గొయ్యి ఉంది. అక్కడ గొయ్యి ఉంటుందని మొదట చెప్పింది నువ్వే, నీ ఉత్తరం నా దగ్గరుంది. తిరిగొచ్చేటప్పుడు నువ్వు అటు తిరిగావని చదివి, ఎత్తు వేస్తున్నావేమో అనుకున్నాను. మళ్లీ చదివాను. పరీక్షలెప్పుడని అడిగావు. వాటి గురించి ముందు ఉత్తరంలోనే రాశాను.

అప్పుడు రబ్బరు తీసుకుని నా పటంలో గొయ్యి చెరిపేశాను. ఇటుకలు గీశాను. ఎంత చక్కగా గీశానో. చుక్కలుగా రాలే నీళ్ల గురించి రాసుకుంటూ, బాగా రాస్తున్నానని మురిసిపోయాను కూడా. నిన్ను తప్పు పట్టే కాగితం నా చేత్తో రాయలేకపోయాను, అంతే. పందెం సంగతి నాకు తెలియదు. తెలియకపోతే మాత్రం? గోడలు జరపకూడదు.

ఆ పిల్లల బస్సు ఎక్కకు బాబాయ్. ఏ బస్సూ ఎక్కకు. నన్ను తిట్టు, పుస్తకాలు తిరిగి పంపమను, పంపేస్తాను.

పలక


ఇల్లు

పలకకి,

రెండు రోజులు నీకు రాయకూడదనుకున్నా. రాస్తే ఏం రాస్తానో అని.

నా చుట్టూ అందరూ గోడలు జరుపుతున్నారు. ఒక్క చోటైనా కదలనివి ఉంటాయనుకున్నా. జాలి పడటానికి నీకు ఇంకేం దొరకలేదా? నా ఉత్తరం నీకు చేరకపోయుంటే, నువ్వు ఫోను చేయకపోయుంటే? నువ్వు గీసిన ఇటుకల్ని నమ్ముకుని కొండ ఎక్కేవాణ్ణి, వెనక పిల్లల్ని వేసుకుని.

ఇంతకంటే తిట్టడం చేతకావట్లేదు. నేనైనా అదే చేసేవాణ్ణేమో. మీ తాతకి చూపు తగ్గినప్పుడు పేపర్లో మంచి వార్తలే చదివి వినిపించేవాణ్ణి.

సెలవులోనే ఉన్నా. మేనేజరు దగ్గరికి ఇంకా పోలేదు. గుమ్మం దాకా పోయి వచ్చా. పోయేముందు ఒకటి కావాలి. ఆటలో నేను చేయి తీశా. నీళ్ల వైపు తిరిగా. నియమం నీకూ నాకూ ఒకటే. నువ్వు రాసింది చెల్లదు. అసలేం జరిగిందో రాయి. నాకు వదలకు.

బాబాయ్


హాస్టల్

బాబాయ్‌కి,

చెరిపినచోట పాత గీత అచ్చు ఇంకా కాగితం మీద ఉంది. దాని మీదే మళ్లీ పెన్సిలు నడిపాను. ఇది అసలు జరిగింది.

కొమ్ములయ్య నీళ్ల చప్పుడు వైపు నడిచాడు. వెనకాల ఎవరూ అనుమానపడలేదు, ముందున్నది దారి మరవనివాడు కాబట్టి. కిందికి వాలుగా ఉంది నేల. ఇంతలో ముందుకు వేసిన గిట్ట కింద మట్టి లేదు. నీ పాచిక పదకొండు. పడిపోవడానికి ఎక్కువ, నిలదొక్కుకోవడానికి తక్కువ. అంచు మీద ఆగాడు, ఒక కాలు గాల్లో. చిన్న రాయి జారి పడింది, అది అడుగుకి తగిలిన చప్పుడు రాలేదు. వాడి వెనక ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని అందరూ ఉన్నారు. వాడు పడితే వరసంతా పడుతుంది.

అప్పుడు చివర ఉన్న దివిటీ పిల్ల మెల్లగా అంది. "నేను వచ్చేటప్పుడు గోడల మీద మసి రాసుకుంటూ వచ్చాను. ఈ గోడ మీద మసి లేదు." ముందే ఎందుకు చెప్పలేదని ముసలి పనివాడు అడిగితే, "ఆయన దారి మరిచిపోడని పుస్తకంలో ఉంది కదా, నేనెలా చెప్పను?" అంది.

ఈ వారం లావు పుస్తకంలోని పేజీ, సన్న పుస్తకంలోని పేజీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. కొమ్ములు అవే, బలం అదే, ఆ వరమూ అదే. రాక్షసుడి పేజీలో లేనిది ఒక్కటే. సన్న పుస్తకంలో పాత్ర పేరు కింద, "నీతో ఎవరున్నారు?" అని ఒక ఖాళీ గీత ఉంది. రాక్షసుణ్ణి ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

వాడు ఇంకా అంచు మీదే ఉన్నాడు. ఏం చేస్తాడు?

పలక


డిపో, దొరికిన సామాను గది

పలకమ్మకి,

పైన రాసిన చోటు చూశావా? ఇదే నా కొత్త సీటు. నిన్న వెళ్లి చెప్పా. మేనేజరు తాళాలు తీసి సొరుగులో పెట్టాడు. "నీ సంగతి ఎవరో వచ్చి చెప్తారని భయపడుతూ ఉన్నాను, నువ్వే వచ్చావు" అన్నాడు. డాక్టరు దగ్గరికి ఆయనే వెంట వచ్చాడు. డాక్టరు చెప్పింది మీ పిన్ని నీకు ఫోనులో చెప్తుంది, నేను సగమే విన్నా.

ఇక్కడ నా పని, బస్సుల్లో మరిచిపోయినవి అరల్లో సర్దడం. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒక చంక కర్ర. కర్ర మరిచిపోయి ఎలా దిగాడో ఆ మహానుభావుడు. ఈల మలుపు దగ్గర కొత్త కుర్రాడు ఇప్పుడు నా బండి డ్రైవరుకి కూడా అరుస్తున్నాడట. అరవనీ.

బాగా రాశావు. పదకొండుకి అంతే వస్తుంది. ఎక్కువా ఇవ్వలేదు, తక్కువా ఇవ్వలేదు.

కొమ్ములయ్య కాలు వెనక్కి తీసుకున్నాడు. అందరికీ వినపడేట్టు, "నాకు దారి తెలియట్లేదు" అన్నాడు. దివిటీ పిల్లని పిలిచి, "నువ్వు ముందు నడువమ్మా" అన్నాడు. బండలు అడ్డమొస్తే నెట్టడానికి కొమ్ములు ఇంకా ఉన్నాయి. అదీ వాడు చేసేది.

దివిటీ పిల్లని ఇక నువ్వు నడపక్కర్లేదు. అడిగినవాళ్లున్నారు. కింద చూడు.

బాబాయ్

అమ్మలూ, నేను పిన్నిని, ఇప్పుడు ఆ దివిటీ పిల్లని కూడా. ఈయన పోగొట్టుకున్న తాళాలు, కళ్లజోడు కొంతకాలంగా నేనే వెతికి, చప్పుడు లేకుండా ఈయన జేబులో పెట్టేస్తున్నా. గోడలు జరిపింది నువ్వొక్కదానివే కాదు. ఈ ఆట నాకు సరిగ్గా తెలియదు, తప్పు రాస్తే చెప్పు, వదలకు. మసి ఉన్న గోడ వెతుక్కుంటూ వెనక్కి తిరిగి విగ్రహం దగ్గరికి వచ్చా. నీళ్లవైపు కాదు, గాలివైపు కాదు, మిగిలిన దారి. కాలికి ఇటుక తగిలింది. పాచిక నేనే వేశా, తొమ్మిది వచ్చింది, అది మంచిదో కాదో నువ్వే చూడు. మీ బాబాయ్ చేయి నా భుజం మీద ఉంది. నడుస్తున్నాం.